జూడో విద్యాగురువు జిగోరో కానో

ఎత్తయిన కొండను దూరమునుండి చూచువానికి శిఖరము కనబడును. దానిని ఎక్కదలచినవానికి మాత్రము కాలి ముందున్న మెట్టు కనబడవలెను. మెట్లు లేని కొండను బలవంతులు కొందరే ఎక్కగలరు. మెట్లు కట్టినచో బాలురును, వృద్ధులును, దుర్బలులును పైకి చేరగలరు. విద్యల విషయమునను ఇంతియే. అందును శరీరముతో నేర్వవలసిన విద్యలలో మెట్ల అవసరము మిక్కిలి హెచ్చు. పలకపై తప్పు వ్రాసినచో తుడిచి మరల వ్రాయవచ్చును. గాలిలో వేసిన పల్టీ తప్పినచో మెడ విరుగును. అందుచేతనే నేడు జిమ్నాస్టిక్సు వంటి వ్యాయామ క్రీడలలో బాలబాలికలకు శ్రేణులను ఏర్పరచి, ఒక శ్రేణిలోని విన్యాసములు చక్కగా పట్టువడిన పిమ్మటనే వారిని తరువాతి శ్రేణికి పంపుదురు. అట్టి మెట్లను ఒక ప్రాచీన యుద్ధవిద్యకు కట్టి, దానిని లోకములోని పిల్లలకు అందుబాటులోనికి తెచ్చిన మహనీయుడు జిగోరో కానో. బాల్యమున ఆయన దుర్బలుడు. తోటివారిచే దెబ్బలు తినినవాడు. అట్టి బాలుడు వేలకొలది శిష్యులకు గురువైన వృత్తాంతము వినదగినది.

జపాను దేశమున కోబె నగర ప్రాంతమందు సముద్రతీరమున మికాగె అను ఊరు కలదు. 1860వ సంవత్సరమున కానో అచ్చట జన్మించెను. ఆయన వంశమువారు సాకె అను బియ్యపు మద్యమును తయారుచేసి విక్రయించి ధనము గడించినవారు. తండ్రి మాత్రము ఆ వ్యాపారమునందు నిలువక, నౌకల రవాణాలోను ప్రభుత్వ వ్యవహారములలోను కాలము గడపెను. ఆయన విద్యయందు ఆసక్తి గలవాడు. కొడుకునకు బాల్యమునుండియు మంచి చదువు చెప్పించెను. కానోకు తొమ్మిదేండ్ల ప్రాయమున తల్లి గతించెను. తరువాత తండ్రి ఆ బాలుని రాజధానియైన టోక్యో నగరమునకు తోడుకొనిపోయెను.

అది జపాను దేశ చరిత్రలో పెద్ద మార్పులు జరుగుచున్న కాలము. 1868లో షోగునుల పాలన అంతమై, మెయిజీ చక్రవర్తి పేర నూతన ప్రభుత్వ మేర్పడెను. పాశ్చాత్య శాస్త్రములు, రైళ్లు, తంతి, క్రొత్త పాఠశాలలు ఒక్కుమ్మడిగా దేశములో ప్రవేశించెను. అంతవరకు కత్తి ధరించి తిరిగిన సమురాయి వీరులు 1876 తరువాత బహిరంగముగా కత్తి పట్టరాదని శాసనము వెలువడెను. ప్రాచీన విద్యలన్నియు పనికిమాలినవని జనులు తలపసాగిరి. చేతిలో ఆయుధము లేకయే శత్రువును పడద్రోయుట, బంధించుట నేర్పు జుజుట్సు అను విద్యకును ఆ గతియే పట్టెను. దానిని నేర్పిన గురువులు శిష్యులు లేక, విరిగిన ఎముకలు కట్టుచు, తొలగిన కీళ్లను సరిచేయుచు జీవనము గడుపుకొనుచుండిరి.

కానో వసతి గృహముగల పాఠశాలలో చేరి ఇంగ్లీషు, జర్మను భాషలు నేర్చుకొనెను. చదువులో ఆయనకు వెనుకంజ లేదు. కాని శరీరము మాత్రము సన్నము, పొట్టి. పెరిగి పెద్దవాడైన పిమ్మటను ఆయన పొడవు సుమారు 5 అడుగుల 2 అంగుళములు మాత్రమే. ఆ పాఠశాలలో బలిష్ఠులైన విద్యార్థులు దుర్బలులను పీడించుట పరిపాటి. కానో తెలివితేటలు వారి అసూయను మరింత రెచ్చగొట్టెను. దెబ్బలు తినిన ప్రతిసారియు ఆ బాలుని మనసులో ఒక్కటే ఆలోచన మెదలెను. బలహీనుడు బలవంతుని ఎదిరింపగల ఉపాయము జుజుట్సులో కలదని ఆయన వినియుండెను. ఎట్లయినను దానిని నేర్వవలెనని నిశ్చయించుకొనెను.

తండ్రి యింటికి వచ్చిపోవువారిలో ఆ విద్య తెలిసినవారు ఒకరిద్దరు లేకపోలేదు. కానో వారిని వేడుకొనెను. ఈ కాలమున అట్టి విద్యతో ప్రయోజనము లేదని వారు త్రోసిపుచ్చిరి. తండ్రియు మొదట సమ్మతింపలేదు. 1877లో విశ్వవిద్యాలయమున చేరిన పిమ్మట కానో తానే గురువును వెదుకుటకు పూనుకొనెను. ఎముకలు కట్టువారిలో జుజుట్సు తెలిసినవారుందురని ఎరిగి, అట్టివారి పలకలు వ్రేలాడు ఇండ్ల వెంట తిరిగి విచారించెను. తుదకు ఒక వృద్ధ వైద్యుని మూలమున ఫుకుదా హచినొసుకె అను గురువు పరిచయము లభించెను. ఫుకుదా ఇల్లు చిన్నది, శిష్యులు కొలదిమంది. అచ్చటనే కానో విద్యాభ్యాసము ప్రారంభమయ్యెను.

ఫుకుదా సమర్థుడైన గురువే. కాని ఆయన నేర్పు పద్ధతి పూర్వకాలపుది. ఒకనాడు ఆయన కానోను ఒక క్రొత్త పట్టుతో పడవేసెను. కాలు ఎచ్చట ఉంచవలెను, చేయి ఎట్లు త్రిప్పవలెను అని కానో ప్రశ్నించెను. గురువు బదులు చెప్పక, లేచి రమ్మని మరల పడవేసెను. కానో మరల అడిగెను. మరల నేలపై పడెను. పలుమారులు పడిన కొలది విద్య తానే పట్టువడునని గురువు అభిప్రాయము. ఆ రోజులలో కానో శరీరమంతయు గాయములు, వానిపై మందు పట్టీలు. తోటి విద్యార్థులు చూచి పరిహసించిరి. అయినను ఆయన ఒక్కనాడును మానలేదు. పడుట వలన విద్య వచ్చుట నిజమే గాని, కారణము తెలిసి నేర్చినచో త్వరగా వచ్చును గదా అను సందేహము మాత్రము ఆయన మనసున నాటుకొనెను.

ఆ శిష్యులలో ఫుకుషిమా అను స్థూలకాయు డుండెను. అతనిని ఎన్ని విధముల ప్రయత్నించినను కానో పడవేయలేకపోయెను. అంతట ఆయన నిరాశ చెందక, జపాను దేశపు మల్లయుద్ధమైన సుమోలోని పట్లను పరిశీలించెను. అవి అక్కరకు రాలేదు. గ్రంథాలయమునకు పోయి పాశ్చాత్యుల కుస్తీని గూర్చి చదివెను. ప్రత్యర్థి క్రిందికి దూరి, అతనిని భుజములపై అడ్డముగా ఎత్తి పడవేయు పట్టు నొకదానిని సాధన చేసెను. మరునాళ్లలో ఫుకుషిమాను ఎత్తి నేలపై వేసి అందరిని ఆశ్చర్యపరచెను. విద్య ఏ దేశమునుండి వచ్చినను పరీక్షించి గ్రహింపవచ్చునని ఆయనకు ఆనాడే తెలిసెను.

1879లో ఫుకుదా మరణించెను. గురువుగారి కుటుంబమువారు ఆయన గ్రంథపత్రములను కానోకు అప్పగించిరి. అప్పటికి కానోకు ఇంకను ఇరువది యేండ్లు నిండలేదు. ఇంకను నేర్వవలసినది చాల కలదని ఎరిగి, ఆయన ఇసో మసతొమో అను మరియొక గురువును ఆశ్రయించెను. ఆయనయు 1881లో గతించెను. అటుపిమ్మట వేరొక సంప్రదాయమునకు చెందిన ఈకుబో త్సునెతోషి వద్ద చేరెను. ఇట్లు ముగ్గురు గురువుల విద్యను పోల్చి చూచుకొను అవకాశము ఆయనకు కలిగెను. ఒక సంప్రదాయమున పట్టుకొని బంధించుట మేలు. మరియొకదానిలో పడవేయుట మేలు. రెంటిలోని మంచిని ఏకము చేయవలెనని ఆయన సంకల్పించెను.

1881లో కానో విశ్వవిద్యాలయ పట్టము పుచ్చుకొనెను. మరుసటి సంవత్సరము ఒక పాఠశాలలో ఉపాధ్యాయుడయ్యెను. ఆ 1882వ సంవత్సరముననే టోక్యో నగరములోని ఎయిషోజి అను బౌద్ధాలయమున కొన్ని గదులు అద్దెకు తీసికొని తన విద్యాలయమును స్థాపించెను. దానికి కోడోకాన్ అని పేరిడెను. మార్గమును బోధించు మందిరమని దాని అర్థము. సాధనకు ఉపయోగించిన గదిలో 12 చాపలు మాత్రమే పట్టెడి చోటుండెను. మొదటి యేడు చేరిన శిష్యులు 9 మంది. గురువు వయస్సు ఇరువదిరెండేండ్లు దాటలేదు. శిష్యులనుండి ఆయన రుసుము తీసికొనలేదు. పగలు పాఠశాలలో బోధించి, రాత్రులు గ్రంథములను అనువదించి, వచ్చిన ధనమును విద్యాలయమునకు వెచ్చించెను.

దేవాలయములో కుస్తీ పట్టుట సులభమైన పని కాదు. శిష్యులు ధబీలున పడినప్పుడెల్ల గోడలు కదలెను. పీఠముపై నుంచిన పూర్వికుల నామఫలకములు దొర్లి పడసాగెను. నేల బల్లలు వంగెను. వాని క్రింది దూలములు విరిగెను. ఆలయాధికారి కానోను మందలింపక తప్పలేదు. రాత్రివేళ కానో దీపము చేతబట్టి, నేలబల్లల క్రిందికి ప్రాకి, విరిగిన భాగములను తన చేతులతోనే బాగుచేయుచుండెను. కొంతకాలమునకు విద్యాలయమును వేరుచోటికి మార్చవలసి వచ్చెను. ఆ తరువాతను అది పలుచోట్లకు మారుచు పెరుగుచు వచ్చెను.

ఇంతలో కానోకు తన విద్యలోని మూలసూత్రము గోచరించెను. ఒకనాడు ఈకుబోతో సాధన చేయుచుండగా, ఎన్నడును పడని ఆ గురువును ఆయన మాటిమాటికి పడవేసెను. గురువు విస్మయముతో కారణ మడిగెను. ముందుగా ప్రత్యర్థి శరీరపు తూకమును చెదరగొట్టి, పిమ్మట పట్టు వేయుచున్నానని కానో వివరించెను. నిలుకడగా నున్న బండరాతిని కదల్చుట కష్టము. ఒరిగిన రాతిని వ్రేలితో త్రోయవచ్చును. ఒకడు నెట్టుచున్నప్పుడు ఎదురు నెట్టినచో బలవంతుడే గెలుచును. అట్లుగాక, ఆ నెట్టుడునకు లొంగి వెనుకకు తగ్గినచో నెట్టువాడు తన బలముతో తానే ముందునకు తూలును. అప్పుడు కొలది బలముతోనే వానిని పడవేయవచ్చును. తాను నేర్పవలసినది ఇక లేదని గురువు శిష్యుని మెచ్చుకొనెను.

ఈ సూత్రమును ఆధారముగా గొని కానో జుజుట్సులోని ప్రమాదకరములైన పట్లను సాధనలోనుండి తొలగించెను. తక్కిన వానిని క్రమపరచెను. జుజుట్సు అనగా మృదువైన ఉపాయము. కానో ఉపాయమను పదమును తీసివేసి, మార్గమను పదమును చేర్చి, తన విద్యను జూడో అని వ్యవహరించెను. శత్రువును కొట్టుటకు మాత్రమే గాక, దేహమును దృఢపరచుకొనుటకును, నడవడిని తీర్చిదిద్దుకొనుటకును అది మార్గము కావలెనని ఆయన ఆశయము.

ఆయన చేసిన మార్పులన్నింటిలో శ్రేణుల ఏర్పాటు ముఖ్యమైనది. పూర్వము జుజుట్సు సంప్రదాయములలో మెట్లు లేకపోలేదు గాని, అవి రెండు మూడు మాత్రమే. శిష్యుడు సంవత్సరముల తరబడి సేవ చేసిన పిమ్మట గురువు ఒక పత్రము నొసగును. మరల అనేక వత్సరములు గడచిన పిమ్మట ఇంకొక పత్రము. తుది పత్రము పొందినవానికే రహస్యములన్నియు తెలియును. నడుమనున్న కాలములో తాను ముందునకు పోవుచున్నాడో, ఉన్నచోటనే ఉన్నాడో శిష్యునకు తెలియదు. ఇట్టి నిరీక్షణలో బాలుర ఉత్సాహము చల్లారిపోవుట సహజము. గమ్యము దూరమైనను, నడుమ మజిలీలు దగ్గర దగ్గరగా నున్నచో బాటసారి అలయడు. ఈ సత్యమును కానో గుర్తించెను.

అందుచే ఆయన శ్రేణుల సంఖ్యను పెంచి, వాని నడుమ దూరమును తగ్గించెను. ఉన్నత శ్రేణులకు డాన్ అని పేరు. గో అను బల్లపై ఆడు ఆటలో ఆడువారికి ఆ పేరుగల శ్రేణులు జపానులో పూర్వమునుండియు ఉండెను. 1883లో కానో తన శిష్యులైన తొమితా త్సునెజిరో, సైగో షిరో అను ఇరువురకు మొదటి డాన్ నొసగెను. జూడోలో ఆ గౌరవము పొందినవారిలో వారే ప్రథములు. అంతకు దిగువనున్న విద్యార్థులకు క్యూ అను శ్రేణు లేర్పడెను. వీనిని లెక్కించు తీరు వింతగా నుండును. క్యూ శ్రేణులలో విద్య పెరిగిన కొలది సంఖ్య తగ్గుచు వచ్చి, తుదకు ఒకటవ క్యూకు చేరును. అటుపిమ్మట మొదటి డాన్ ప్రారంభమై, అచ్చటినుండి సంఖ్య పెరుగుచు పదవ డాన్ వరకు పోవును.

మొదటి డాన్ పొందినవాడు విద్యను పూర్తిగా నేర్చినవాడని పలువురు పొరబడుదురు. జపాను భాషలో దాని పేరునకు తొలిమెట్టు అనియే అర్థము. అంతవరకు నేర్చినది అక్షరాభ్యాసము. చదువు అచ్చటనుండి ఆరంభము. 1886 ప్రాంతమునుండి డాన్ శ్రేణివారు సాధనవేళ నల్లని నడికట్టు ధరించు ఆచార మేర్పడెను. నడికట్టును చూచినంతనే ఎదుటివాని అనుభవము తెలియును. నేర్చినవాడు క్రొత్తవానిపై తన బలమంతయు చూపక జాగ్రత్త వహించును. క్రొత్తవాడు తనకు నేర్పదగినవా రెవరో గుర్తించును. ఇట్లు ఆ గుడ్డముక్క అలంకారముగా గాక రక్షణగా ఉపకరించెను. తరువాతి కాలమున ఐరోపా దేశములలో దిగువ శ్రేణులకు పసుపు, నారింజ, ఆకుపచ్చ మొదలగు రంగుల నడికట్లు వాడుకలోనికి వచ్చెను. నేడు అనేక దేశముల బాలబాలికలు వానిని ధరించుచున్నారు.

శ్రేణు లేర్పరచినంతనే విద్య రాదు. ప్రతి మెట్టునందును ఏమి నేర్వవలెనో నిర్ణయింపవలెను. జూడోలో మొట్టమొదటి పాఠము గెలుచుట కాదు, పడుట. గడ్డమును రొమ్మునకు చేర్చి, తల నేలకు తగులకుండ, అరచేయితోను ముంజేతితోను చాపను చరచుచు, వెనుకకు, ప్రక్కకు, ముందునకు పడుటను విద్యార్థి అభ్యసించును. చరచుటవలన దెబ్బ యొక్కచోట తగులక చేయి పొడవునను వ్యాపించును. పడుట తెలిసినవానికి భయము పోవును. భయము పోయినవాడు పట్లను నిశ్చింతగా నేర్చుకొనును. ఫుకుదా ఇంట ఒడలెల్ల గాయములు చేసికొనిన కానో తన శిష్యులకు ఆ బాధ తప్పించుటకు శ్రద్ధ వహించెను.

తరువాత పడవేయు పట్లు. 1895లో కోడోకాన్ గురువులు వీనిని అయిదు వర్గములుగా విభజించిరి. 1920లో ఆ ఏర్పాటును సవరించి, వర్గమునకు 8 చొప్పున 40 పట్లను నిర్ణయించిరి. మొదటి వర్గములోని మొదటి పట్టు, ముందునకు అడుగు వేయుచున్నవాని పాదమును సరిగా ఆ క్షణముననే తుడిచివేయుట. దానికి బలముకంటె సమయము ముఖ్యము. పైపై వర్గములలోనికి పోయిన కొలది పట్లు కష్టతరము లగును. పడువాడును గట్టిగా పడును. కనుక మొదటి వర్గము చక్కగా రానివాడు చివరి వర్గమునకు పరుగెత్తరాదు.

విద్యార్థి ఒక శ్రేణినుండి మరియొక శ్రేణికి పోవుటకు పరీక్ష లుండెను. నెలనెల పోటీలు జరిగెడివి. ఇవిగాక వసంతమునను, శరత్తునందును ఎరుపు తెలుపు జట్ల పెద్ద పోటీలు జరిగెడివి. విద్యార్థులందరు రెండు జట్లుగా చీలి, చిన్న శ్రేణినుండి పెద్ద శ్రేణి వరకు వరుసగా నిలుతురు. గెలిచినవాడు అచ్చటనే నిలిచి, ఎదుటి జట్టులోని తరువాతివానితో తలపడును. సమానముగా ముగిసినచో ఇరువురును తప్పుకొందురు. తన శ్రేణివారిని వరుసగా పలువురను ఓడించినవానికి అప్పటికప్పుడే పై శ్రేణి నొసగు ఆచారమును ఉండెను. అయినను గెలుపొక్కటే కొలబద్ద కాదు. పట్టువేయు తీరు, శాస్త్రజ్ఞానము, సాధనలో పట్టుదల, నడవడి కూడ పరిశీలింపబడెడివి. మిక్కిలి చలిగల దినములలో 30 రోజులు తెల్లవారకముందే లేచి సాధన చేయుట ఒక నియమముగా నుండెను. అందు ఓడినవాడుండడు, గెలిచినవాడుండడు. తన బద్ధకముతో తానే పోరాడవలెను.

కోడోకాన్ కీర్తి దినదినము వ్యాపించెను. 1880 దశకపు ఉత్తరార్ధమున టోక్యో పోలీసు శాఖవారు జరిపించిన పోటీలలో కానో శిష్యులు పేరుపొందిన జుజుట్సు వీరులను ఎదుర్కొని, అధిక భాగము విజయము సాధించిరి. చిత్రమేమనగా, ఆ శిష్యులలో ప్రసిద్ధుడైన సైగో షిరో గురువువలెనే పొట్టివాడు. క్రమపద్ధతిలో నేర్చిన విద్య దేహబలమును మించునని లోకమునకు స్పష్టమయ్యెను. పోలీసులు, పాఠశాలలు జూడోను స్వీకరింపసాగిరి.

కానో జూడో గురువు మాత్రమే కాదు. ఆయన జీవితములో పెద్ద భాగము పాఠశాలలలోనే గడచెను. 1893లో టోక్యోలోని ఉన్నత ఉపాధ్యాయ శిక్షణ విద్యాలయమునకు అధ్యక్షుడై, నడుమ కొలది విరామములతో 1920 వరకు ఆ పదవిని నిర్వహించెను. చీనా దేశమునుండి వచ్చిన విద్యార్థులకు ప్రత్యేకముగా విద్యాలయము నడపెను. తరువాత మహా రచయితయైన లూ షున్ అందు చదివినవాడే. 1909లో కానో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘమున సభ్యుడయ్యెను. ఆసియా ఖండమునుండి ఆ గౌరవము పొందినవారిలో ఆయనయే ప్రథముడు. 1912లో స్టాక్‌హోం నగరమున జరిగిన ఒలింపిక్ క్రీడలకు జపాను మొదటిసారిగా ఇద్దరు క్రీడాకారులను పంపెను. ఒకడు వేగపు పరుగువాడు. రెండవవాడు కానో విద్యాలయమునందే చదువుచున్న కనకురి షిజో, మారథాన్ పరుగువాడు. ఇరువురును గెలువలేదు. కనకురి ఎండవేడిమికి తాళలేక నడుమనే సొమ్మసిల్లెను. అది వారి దేశమునకు తొలిమెట్టు. ఆ కనకురియే తరువాత దూరపు పరుగులో ఎందరికో శిక్షణ నిచ్చి, తన దేశమున ఆ క్రీడకు పునాది వేసెను.

కానో జూడోను స్త్రీలకు నిరాకరింపలేదు. 1893 ప్రాంతమునుండియే కొందరు స్త్రీలకు నేర్పసాగెను. 1926లో కోడోకాన్ నందు స్త్రీల విభాగమును స్థాపించెను. ఇచ్చట ఒక హృద్యమైన విషయము చెప్పవలసి యున్నది. తన తొలి గురువైన ఫుకుదా హచినొసుకె మనుమరాలు కెయికో ఫుకుదాను కానో స్వయముగా ఆహ్వానింపగా, ఆమె 1935లో ఆ విభాగమున చేరెను. గురుఋణము తీర్చుకొను తీరు ఇదియే గదా.

కాని ఆ మెట్ల కట్టడములో ఒక లోపమును ఉండెను. కానో మరణానంతరము చాలకాలము స్త్రీలకు అయిదవ డాన్ దాటి పోవు వీలు కల్పింపబడలేదు. కెయికో ఫుకుదా 1953లో ఆ మెట్టునకు చేరి, సుమారు ఇరువదియేండ్లు అచ్చటనే నిలిచిపోవలసి వచ్చెను. విద్య పెరుగుచుండెను, మెట్టు మాత్రము లేకుండెను. ఆమె విసుగు చెందక అమెరికాలో శిష్యులకు నేర్పుచు వచ్చెను. 1972లో ఆ యడ్డు తొలగి, ఆమెకు ఆరవ డాన్ లభించెను. 2006లో కోడోకాన్ ఆమెకు తొమ్మిదవ డాన్ నొసగెను. 2011లో అమెరికాలోని జూడో సంస్థ పదవ డాన్ నొసగినప్పుడు ఆమె వయస్సు 98 సంవత్సరములు. శ్రేణులు నేర్పునకు కొలత కావలెను గాని, మనుష్యులను నిలిపివేయు గోడలు కారాదని ఆమె జీవితము చాటుచున్నది.

కానో శిష్యులు దేశదేశములకు పోయి జూడోను నేర్పిరి. 1929లో రవీంద్రనాథ ఠాకూరు ఆహ్వానముపై తకగాకి షింజో అను శిష్యుడు శాంతినికేతనమునకు వచ్చి భారతీయ విద్యార్థులకు బోధించెను. కానో స్వయముగా అనేక పర్యాయములు సముద్రములు దాటి ఐరోపా, అమెరికా ఖండములలో ఉపన్యసించెను. బలమును వ్యర్థపరుపక మంచికి వినియోగించుట, తానును ఎదుటివాడును కలిసి అభివృద్ధి పొందుట అను రెండు నియమములను జూడోకు ప్రాణముగా ఆయన ఉపదేశించెను. సాధనలో మనకు ఎదురు నిలిచినవాడు శత్రువు కాడు. అతడు తన దేహమును మనకు అప్పగించినచో గాని మన విద్య పెరుగదు. బహుమతుల కొరకు, శ్రేణుల కొరకు మాత్రమే తహతహలాడువారిని ఆయన మెచ్చలేదు.

1940వ సంవత్సరపు ఒలింపిక్ క్రీడలను టోక్యోలో జరిపించుటకు కానో వృద్ధాప్యమునందును అవిశ్రాంతముగా పాటుపడెను. 1936లో ఆ గౌరవము టోక్యోకు లభించెను. కాని మరుసటి యేడు జపాను చీనాతో యుద్ధమునకు దిగుటచే ఆ క్రీడలపై నీలినీడలు క్రమ్మెను. 1938లో కైరో నగరమున జరిగిన ఒలింపిక్ సంఘ సమావేశమునకు ఆయన హాజరై, తన నగరము పక్షమున వాదించెను. మరలివచ్చుచు హికావా మారు అను ఓడలో ప్రయాణము చేయుచుండగా ఊపిరితిత్తుల వాపు సోకి, మే 4వ తేదీన నడిసముద్రమున కన్నుమూసెను. అప్పటికి ఆయనకు 77 సంవత్సరములు. రెండు నెలలు గడచిన పిమ్మట జపాను ప్రభుత్వము ఆ క్రీడలను వదలుకొనెను. ఆయన పడిన శ్రమ వ్యర్థమైనట్లే తోచెను.

కాని మంచి విత్తనము ఆలస్యముగానైనను మొలచును. 1964లో ఒలింపిక్ క్రీడలు టోక్యోలో జరిగెను. ఆ క్రీడలలోనే పురుషుల జూడో మొదటిసారిగా ప్రవేశపెట్టబడెను. స్త్రీల జూడోకు 1992లో పతకములు ఏర్పడెను. 1964 అక్టోబరు 23వ తేదీన బరువుతో నిమిత్తము లేని తుది పోటీలో జపాను వీరుడు కామినాగా, హాలెండు దేశస్థుడగు ఆంటన్ గీసింక్ తలపడిరి. గీసింక్ తన ప్రత్యర్థిని నేలపై కదలనీయక బంధించి గెలిచెను. జపాను ప్రేక్షకులు నిశ్శబ్దులైరి. హాలెండువారు కొందరు ఆనందము పట్టలేక బరిలోనికి పరుగెత్తబోయిరి. గీసింక్ చేయెత్తి వారిని వారించెను. ప్రత్యర్థికి వంగి నమస్కరించిన పిమ్మటనే బరిని వీడెను. ఆ నాడు ఓడినది కానో దేశమైనను, గెలిచినది కానో విద్యయే. ఎచ్చటనో దూరదేశమున పుట్టినవాడు, ఆయన కట్టిన మెట్లను ఒక్కొక్కటిగా ఎక్కి, పట్లతోపాటు మర్యాదను కూడ నేర్చుకొనివచ్చెను.

కానో తన శిష్యులకు శ్రేణుల నొసగెను గాని, తాను ఏ శ్రేణిని కోరలేదు. ఒకప్పుడు బలవంతులచే దెబ్బలు తినిన బాలుడు, బలహీనులందరు ఎక్కదగిన సోపానమును నిర్మించి పోయెను. క్రిందిమెట్టుపై నున్నవాడు సిగ్గుపడ నక్కరలేదు; పైమెట్టుపై నున్నవాడు గర్వింప తగదు. నిన్నటి మెట్టుకంటె నేడు ఒక్క మెట్టు పైకి చేరితినా యని ఎవరికి వారు విచారించుకొనుటయే ఆయన జీవితమునుండి మనము గ్రహింపవలసిన పాఠము.